ఎముక అతకడం వేరు, పూడటం వేరు

చెయ్యి విరిగితే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొచ్చినవాళ్లు రాయలసీమలోనే కాదు, తమిళనాడులోనూ కనిపిస్తారు. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ పీలికలు. సరంజామా అంతే. చాలామందికి ఆ కట్టుతో ఎముక అతుక్కుంటుంది కూడా. నిజానికి అక్కడ అతికేది పసరు వల్ల కాదు, ఎముకకే ఆ గుణం ఉంది. విరిగిన రెండు కొసల్నీ ఎదురెదురుగా, కదలకుండా పెడితే మిగతా పని ఎముక తనే చూసుకుంటుంది. ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టు, లోపల బిగించే రాడ్డు చేసే సాయం కూడా మూలంలో ఇదే.

మరి కొసలే ఎదురెదురుగా లేకపోతే? బైకు ప్రమాదంలో నాలుగు సెంటీమీటర్ల ఎముక నుజ్జయిపోయింది. చీము పట్టి కుళ్లిన భాగాన్ని సర్జన్ చెక్కి తీసేయాల్సి వచ్చింది. కణితితో పాటు చుట్టూ ఉన్న ఎముకనూ కోయాల్సి వచ్చింది. దవడలో నీటితిత్తి పెరిగి లోపలి నుంచే ఎముకను తినేసింది. చిగుళ్ల జబ్బు ముదిరి పంటిని పట్టుకున్న గోడ కరిగిపోయింది. వీటిలో ఉన్నది పగులు కాదు, ఖాళీ. దాన్ని ఏ కట్టూ పూడ్చలేదు.

ఖాళీ ఏర్పడగానే అందులో రక్తం నిండి గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి రెండు రకాల కణాలు పందెం వేసుకున్నట్టు బయల్దేరతాయి. మెత్తటి నారలాంటి కణజాలాన్ని అల్లే కణాలు గబగబా వచ్చేస్తాయి. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు మాత్రం అంచుల నుంచి మెల్లగా పాకుతూ వస్తాయి. ఖాళీ చిన్నదైతే ఎముక ఎలాగోలా గెలుస్తుంది. పెద్దదైతే మధ్యలో నార పేరుకుపోయి దారి మూసేస్తుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆగినా పూడదు. ఈ హద్దుకు వైద్యులు పెట్టిన పేరు క్రిటికల్ సైజ్. ప్రయోగశాల ఎలుక పుర్రెకు 8 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం పెడితే, ఆ ఎలుక బతికినంత కాలం అది దానంతటది పూడదని లెక్క. చొక్కా గుండీ కన్నా చిన్న రంధ్రమే. కానీ ఎముకను పూడ్చే పదార్థాల మీద, వాటికి తోడుగా వేసే లేజర్ కాంతి మీద జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఆ రంధ్రం చుట్టూనే తిరుగుతోంది.

బీరపాదు పాకాలంటే పందిరి కావాలి. బోన్ గ్రాఫ్ట్, అంటే ఖాళీలో నింపే ఎముక లేదా దానికి బదులు వాడే పదార్థం, చేసే మొదటి పని అదే. ఖాళీలో ఒక ఆధారం నిలబెడితే రక్తనాళాలు, వాటి వెంట ఎముక కణాలు దాని మీదుగా పాకుతాయి, నారకు చోటు దొరకదు. కొన్ని గ్రాఫ్టులు పందిరితో పాటు నారు కూడా తెస్తాయి, అంటే బతికున్న ఎముక కణాల్ని. ఇంకొన్నింటిలో ఉండే ప్రొటీన్లు చుట్టుపక్కల ఉన్న మూలకణాలను ‘ఇటు రండి, ఎముక కట్టండి’ అని పిలుస్తాయి. ఈ మూడు పనులూ చేయగలిగేది రోగి సొంత ఎముక ఒక్కటే. సాధారణంగా తుంటి ఎముక అంచు నుంచి తీస్తారు. మిగతా పదార్థాలన్నిటినీ ఇప్పటికీ దీంతోనే పోల్చి చూస్తారు. చిక్కల్లా ఒకటే. ఒక గాయం పూడ్చడానికి ఇంకో గాయం చేయాలి. ఆపరేషన్ చేసిన చోటు కన్నా తీసిన చోటే ఎక్కువ నొప్పి అని చెప్పేవాళ్లు తక్కువేమీ కాదు. పైగా తుంటి నుంచి తీయగలిగింది కొంతే.

అందుకే వేరేచోటి ఎముక కోసం వెతుకులాట చాలా పాతది. 1668లో యోబ్ వాన్ మెకెరెన్ అనే డచ్చి సర్జన్ రాసిన ఉదంతం ఈ చరిత్రలో మొదటి పేజీ. కత్తి దెబ్బకు పుర్రె చిట్లిన ఒక రష్యన్ సైనికుడికి కుక్క పుర్రె ముక్కను అతికించారట. గాయం మానింది. కానీ మనిషి తలలో కుక్క ఎముక ఉండటం చర్చికి నచ్చలేదు, అతన్ని వెలివేసింది. 1880 ప్రాంతంలో గ్లాస్గోలో విలియం మెక్ఎవెన్ ఇంకో అడుగు వేశాడు. చీము పట్టి భుజం కింది ఎముక పోగొట్టుకున్న ఒక పిల్లవాడికి, వంకర కాళ్లు సరిచేసే ఆపరేషన్లలో వేరే పిల్లల నుంచి తీసిన ముక్కలు పేర్చి ఆ ఎముకను తిరిగి నిలబెట్టాడు. ఒకరి ఎముక ఇంకొకరికి పనికొస్తుందని తేలింది అక్కడే. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1988లో మొదలుపెట్టిన టిష్యూ బ్యాంకు చేసేది ఈ పనే. దాతల ఎముకను శుభ్రం చేసి, ఎండబెట్టి, గామా కిరణాలతో క్రిములు లేకుండా చేసి ఆసుపత్రులకు ఇస్తుంది. అయితే ఇన్ని దశలు దాటిన ఎముకలో బతికున్న కణాలు ఉండవు. నారు పోయింది, పందిరి మిగిలింది.

పళ్ల క్లినిక్కుల్లో ‘బోన్ పౌడర్ వేస్తాం’ అంటారే, అది చాలాసార్లు పశువుల ఎముక. కొవ్వు, ప్రొటీన్లు అన్నీ తీసేయగా మిగిలిన ఖనిజం. చూడ్డానికి బొంబాయి రవ్వలా ఉంటుంది. ఒక్కో పలుకూ పావు మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా. దీని మీద పరిశోధన బోలెడంత ఉంది, ఫలితాలూ బాగున్నాయి. కానీ అది ఏ జంతువుదో ఎంతమంది రోగులకు చెబుతున్నారన్నది వేరే ప్రశ్న. ఆ కాలపు చర్చి సంగతి చదివి నవ్వుకోవచ్చు గానీ, శాకాహారి అయిన రోగికి తన దవడలో వేసిన పొడి ఎక్కడిదో తెలుసుకునే హక్కు ఉంది. వద్దంటే కృత్రిమ గ్రాఫ్టు వేయొచ్చు.

కృత్రిమ పదార్థాల కథ వినాయక విగ్రహాలు పోసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో మొదలైందంటే నమ్మబుద్ధి కాదు. 1892లో జర్మనీలో డ్రీస్‌మాన్ దాన్నే ఎముకల్లోని గుంతలకు నింపాడు. పనిచేసింది గానీ కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. 1967లో లారీ హెంచ్ అనే గాజు శాస్త్రవేత్త బస్సులో ఒక సైనిక కల్నల్ పక్కన కూర్చున్నాడు. వియత్నాం నుంచి వచ్చిన ఆ కల్నల్, మనిషి శరీరం తోసిపారేయని పదార్థమేదైనా చేయగలరా అని అడిగాడు. రెండేళ్ల తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హెంచ్ చేసిన గాజు ఎముకకు ఎంత గట్టిగా అతుక్కుందంటే, ఎలుక ఎముక నుంచి దాన్ని ఊడదీయలేకపోయారు. సిలికా, సోడియం, కాల్షియం, ఫాస్పరస్ ఆక్సైడ్లు కలిసిన ఆ బయోగ్లాస్ ఇప్పటికీ వాడుకలో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా వాడేది మాత్రం కాల్షియం ఫాస్ఫేట్లు. హైడ్రాక్సీ అపటైట్ మన ఎముకలోని ఖనిజానికి దగ్గరి చుట్టం. అది ఏళ్ల తరబడి కరగదు. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెలల్లో కరుగుతుంది. పాదు ఎక్కకముందే పందిరి కూలితే నష్టం. కాపు అయిపోయాక కూడా కూలకుండా చోటు ఆక్రమించుకుని కూర్చున్నా ఇబ్బందే. అందుకే ఈ రెండింటినీ కలిపి అమ్ముతారు.

కణాలను పిలిచే ప్రొటీన్ల విషయంలో మలుపు 1965లో వచ్చింది. ఖనిజమంతా తీసేసిన ఎముకను మార్షల్ యూరిస్ట్ కుందేలు కండలో పెడితే, ఎముక ఉండకూడని ఆ చోట కొత్త ఎముక పుట్టింది. దానికి కారణమైన ప్రొటీన్లకు బీఎంపీలు అని పేరు పెట్టారు. వాటిలో ఒకదాన్ని వెన్నెముక ఆపరేషన్లకు వాడేందుకు 2002లో అమెరికా అనుమతించింది. ఆరేళ్లకే, మెడ ఆపరేషన్లలో వాడితే గొంతు వాచి ప్రాణం మీదికి వస్తోందని అక్కడి అధికారులే హెచ్చరించాల్సి వచ్చింది. పిలుపు ఎక్కువైతే ఏమవుతుందో చూపించిన ఉదంతమది. ఖరీదు సంగతి సరే సరి.

ఇంత వెతికినా లోటు ఎక్కడో ఉండిపోతోంది కాబట్టే కాంతి మీద చూపు పడింది. పదార్థం ఏదైనా దాన్ని ఎక్కాల్సినవి రోగి కణాలే కదా, వాటినే కాస్త చురుకు చేస్తే ఎలా ఉంటుందని.

ఇదీ అనుకోకుండా దొరికిందే. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే సర్జన్ లేజర్‌తో కణితుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ వేశాడు. అనుకున్నదాని కన్నా అతని లేజర్ బలం చాలా తక్కువ. కణితికి ఏమీ కాలేదు గానీ, గొరిగిన చోట వెంట్రుకలు మాత్రం మిగతా ఎలుకల కన్నా త్వరగా మొలిచాయి. కోసే, కాల్చే పనిముట్టుగా పుట్టిన లేజర్‌కు ఇంకో ముఖం ఉందని అలా తెలిసింది. ఇప్పుడు దీన్ని ఫొటోబయోమాడ్యులేషన్ అంటున్నారు, పాత పేరు లో లెవెల్ లేజర్. ఎరుపు కాంతి, దానికి అవతల కంటికి కనపడని దగ్గరి పరారుణ కాంతి వాడతారు. ఎముకకు ఎక్కువగా వాడేది తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్ల పైన ఉండే ఆ రెండో రకం.

కణంలో ఈ కాంతిని పట్టుకునేది ఎవరు? రష్యన్ శాస్త్రవేత్త టీనా కరూ దశాబ్దాల పాటు చెప్పిన జవాబు, మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. కాంతి తగిలితే అది చురుకై కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఎక్కువగా తయారవుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాలు విచ్చుకుంటాయి. అయితే ఆ ఎంజైమ్ లేని కణాలు కూడా కాంతికి స్పందించిన ప్రయోగాలున్నాయి. కాబట్టి ఆ జవాబు పూర్తి జవాబు కాదు. ప్రయోగశాలలో కనిపించే ఫలితం మాత్రం స్పష్టం. తగిన మోతాదులో కాంతి పడితే ఎముక కణాలు పెరుగుతాయి, కొత్త రక్తనాళాలు త్వరగా వస్తాయి.

ఇందులో కీలకం ‘తగిన మోతాదు’ అన్న మాటే. పైరుకు యూరియా వేసే రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తక్కువైతే పైరు పట్టించుకోదు, ఎక్కువైతే మాడుతుంది, అదనుదాటి వేస్తే డబ్బు దండగ. కాంతీ అంతే. ఒక మోతాదు దాకా కణాలను ఉసిగొల్పుతుంది, దాటితే అదే కాంతి వాటిని అణిచేస్తుంది. అదను సంగతి 1997లో జపాన్‌లో సైటో, షిమిజు చేసిన ఎలుకల ప్రయోగం చక్కగా చూపించింది. అంగిలి మధ్య అతుకును వెడల్పు చేసి, అక్కడ ఏర్పడే ఎముక మీద లేజర్ వేశారు. వారం పాటు రోజూ వేస్తే కొత్త ఎముక 1.2 నుంచి 1.4 రెట్లు పెరిగింది. మొదటి మూడు రోజులు వేసినా మేలు కనిపించింది. నాలుగో రోజు దాటాక మొదలుపెడితే లాభం లేదు. ఒక్కసారి వేసి వదిలేసినా లేదు. కణాలు చేరుతున్న తొలి రోజుల్లోనే కాంతికి పని ఉందన్నమాట. పది రోజుల తర్వాత ‘ఒక సిట్టింగ్ లేజర్ వేయించుకుందాం’ అనుకునేవాళ్లు గమనించాల్సిన విషయమిది.

గ్రాఫ్టునూ కాంతినీ కలిపి చూసే పనిలో బ్రెజిల్‌ది పెద్ద చెయ్యి. బాహియా విశ్వవిద్యాలయంలో పిన్హేరో బృందం 2000ల మొదట్లోనే పశువుల ఎముక పొడి వేసిన ఎలుకలకు 830 నానోమీటర్ల లేజర్‌ను రోజు విడిచి రోజు, 15 రోజుల పాటు వేసి చూసింది. సావోపాలో రాష్ట్రంలో జరిగిన ప్రయోగాలు ఇంకా ఆసక్తికరం. ఎముక పలుకుల్ని రంధ్రంలో పోస్తే చెదిరిపోతాయి, వాటిని పట్టి ఉంచే జిగురు కావాలి. బొటుకాటూలోని విష పరిశోధన కేంద్రం ఆ జిగురును గేదె రక్తంలోని ఫైబ్రినోజెన్‌తో, గిలక పాము విషంలోని ఒక ఎంజైమ్‌తో తయారుచేసింది. రెండూ కలిస్తే రక్తం గడ్డకట్టినట్టు గడ్డకడుతుంది. ఆ జిగురుతో కలిపిన పొడిని ఎలుక పుర్రెలోని 8 మిల్లీమీటర్ల రంధ్రంలో పెట్టి, పైన చర్మం కుట్టి, చర్మం మీదుగా లేజర్ వేశారు.

ఆ మోతాదును కాస్త దగ్గరగా చూద్దాం. లేజర్ బలం 30 మిల్లీవాట్లు. ఒక్కో బిందువు దగ్గర 24 సెకన్లు, అలా నాలుగు బిందువులు, వారానికి మూడుసార్లు. 30 మిల్లీవాట్లు 24 సెకన్లంటే 0.72 జౌల్స్. నాలుగు చోట్లా కలిపితే 2.9 జౌల్స్‌కు కాస్త తక్కువ. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికే 4.2 జౌల్స్ కావాలి. అంటే ఇది కాపడం కాదు, వేడి వల్ల జరిగే మేలు అంతకన్నా కాదు. ఇంత కొద్ది కాంతికే లేజర్ వేసిన ఎలుకల్లో కొత్త ఎముక ఎక్కువగా, ముందుగా కనిపించింది. అయితే ఈ తరహా ప్రయోగాల నివేదికలు ఓపిగ్గా చదివితే ఇంకో వాక్యం తరచు తగులుతుంది. రంధ్రం పూర్తిగా మూసుకోలేదు, కొత్త ఎముక ఎక్కువగా అంచుల దగ్గరే ఏర్పడింది. వార్తల్లో మొదటి సంగతి వస్తుంది, రెండోది రాదు.

అసలు ఇబ్బంది ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎలుక తల మీద చర్మం మందం మిల్లీమీటరో, రెండో. మనిషి తొడ ఎముక మీద సెంటీమీటర్ల కొద్దీ కండ. కాంతి చర్మంలోకి, కండలోకి దిగేకొద్దీ చెదిరిపోతుంది, రక్తం కొంత మింగేస్తుంది. ఒక సెంటీమీటరు లోతుకు చేరేసరికి పైన పడినదాంట్లో కొద్ది శాతమే మిగులుతుంది. తొడ ఎముక దాకా వెళ్లేది దాదాపు లేనట్టే. లోతుకు వెళ్లాలని పైన బలం పెంచితే పై పొరలకు మోతాదు మించుతుంది. మన చర్మం రంగు కూడా లెక్కలోకి వస్తుంది. మెలనిన్ ఎరుపు కాంతిని బాగా పీల్చుకుంటుంది, పరారుణాన్ని అంతకన్నా తక్కువ. తెల్లటి చర్మానికి సరిపోయిన మోతాదు నల్లటి చర్మానికి అలాగే సరిపోతుందనుకోకూడదు. చాలా నివేదికల్లో చర్మం రంగు ప్రస్తావనే ఉండదు.

కాబట్టి ఈ జోడీకి మనిషి శరీరంలో సహజమైన చోటు నోరు. చిగురు కిందే దవడ ఎముక. లేజర్ కొసను దాదాపు ఎముక మీదే ఆనించవచ్చు. పన్ను పీకిన గుంత, కృత్రిమ పన్ను నిలబెట్టే ఇంప్లాంటుకు ముందు ఎత్తు పెంచాల్సిన పైదవడ, చిగుళ్ల జబ్బు తవ్విన గుంత అన్నీ కాంతికి అందేంత దూరంలో ఉంటాయి. కొన్ని రకాల కీమోథెరపీ, రేడియేషన్ తీసుకునే రోగులకు నోటిపూత రాకుండా ఈ కాంతిని వాడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే సిఫారసు చేస్తున్నాయి. అంటే నోట్లో దీని వాడకం కొత్త కాదు, భద్రత మీద అనుభవమూ ఉంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టాలి, క్యాన్సర్ గడ్డ ఉన్న చోట జాగ్రత్త పడాలి. మోకాలి కింద ముందువైపు ఎముక కూడా చర్మానికి దగ్గరే గనుక అక్కడా ప్రయత్నించవచ్చు. తొడ, తుంటి, వెన్నెముకల విషయంలో పై నుంచి వేసే లేజర్ మీద ఆశ పెట్టుకోవడానికి ఇప్పటికైతే ఆధారం బలంగా లేదు.

నోట్లో కూడా మనుషుల మీద జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి, పదుల సంఖ్యలో రోగులతో చేసినవి. ఒకరు 660 నానోమీటర్లు వాడితే ఇంకొకరు 808, మరొకరు 830. ఒకరు మూడు సార్లు వేస్తే ఇంకొకరు పది సార్లు. నొప్పి, వాపు తగ్గడంలో మేలు తరచుగా కనిపిస్తుంది. ఎముక విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి కుదరవు. వాటిని కలిపి సగటు తీయడం వేర్వేరు కొలతల తవ్వలతో ధాన్యం కొలిచినట్టే.

ఎముకల వైద్యానికి ఇలాంటి ఆశ కొత్తేమీ కాదు. తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్ తరంగాలతో ఎముక త్వరగా అతుకుతుందని జంతువుల్లోనూ చిన్న ప్రయోగాల్లోనూ కనిపించింది. 1994లో అమెరికా అనుమతించింది, పరికరాలు అమ్ముడుపోయాయి. ఇరవై ఏళ్లు దాటాక, 2016లో, కాలి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న 501 మంది మీద జరిగిన ట్రస్ట్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. పరికరం నిజంగా పనిచేసినవాళ్లకూ, ఉత్తుత్తి పరికరం పెట్టుకున్నవాళ్లకూ తేడా లేదు. కాంతికీ అదే గతి పడుతుందని చెప్పలేం. కానీ దాని ట్రస్ట్ ప్రయోగం ఇంకా జరగలేదు.

ఈలోపు ఎముక పూడటాన్ని గట్టిగా ప్రభావితం చేసేవి వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ బ్రోచర్లు వేయరు. పొగతాగడం, అదుపులో లేని షుగర్, మిగిలిపోయిన చీము, కదులుతున్న గ్రాఫ్టు. బీడీ మానని రోగికి ఖరీదైన పొడి వేసి దాని మీద లేజర్ వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఇంకో సంగతి ఎక్స్‌రే గురించి. గ్రాఫ్టు వేసిన మూడు నెలలకు తీసిన ఫిల్మ్‌లో గుంత తెల్లగా నిండినట్టు కనిపిస్తే రోగికి ఎంతో ఊరట. కానీ పశువుల ఎముక పొడి, హైడ్రాక్సీ అపటైట్ వేసిన రోజే తెల్లగా కనిపిస్తాయి. ఆ తెలుపులో కొత్త ఎముక ఎంతో, పాత పొడి ఎంతో ఫిల్మ్ చెప్పలేదు. చెప్పగలిగేది అక్కడి నుంచి తీసిన ఎముక ముక్క ఒక్కటే. నాలుగు నుంచి ఆరు నెలల తర్వాత ఇంప్లాంటు బిగించడానికి దవడలో ఎలాగూ రంధ్రం వేస్తారు. మామూలు డ్రిల్లుకు బదులు గొట్టంలాంటి డ్రిల్లు వాడితే, పారేయాల్సిన ఎముక అగ్గిపుల్ల మందాన ఒక కడ్డీలా బయటికి వస్తుంది. రోగి అనుమతితో దాన్ని పలుచగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే మూడూ విడివిడిగా కనిపిస్తాయి: కొత్త ఎముక, కరగని పలుకులు, మధ్యలో నార. లేజర్ వేసినవాళ్ల కడ్డీల్లో మొదటిది నిజంగా ఎక్కువుందా, లేక ఎక్స్‌రేలోనే అలా కనిపించిందా అన్నది తేలాల్సింది ఆ గాజు పలకల మీదే.